పది కుండలు

ఒక సెకను వెలుగుతుంది, ఒక సెకను ఆరుతుంది. నేను దానికి చెప్పింది అంతే, అది చేస్తున్నదీ అంతే. పది గంటల ఎండకు మోటారు కొట్టం రేకులు అప్పుడే కాగడం మొదలుపెట్టాయి. లోపల బోర్లించిన బకెట్టు మీద నేను, ఎదుట ఎరువుల సంచి పరిచిన గట్టు మీద నా పాత లాప్‌టాప్, దాని పక్కన అరచేతిలో సగం ఉండే నీలిరంగు పలక, ఆ పలక మూలన జొన్నగింజంత దీపం. దీన్ని మైక్రోకంట్రోలర్ బోర్డు అంటారు. ఈ పొలం యజమాని హనుమంతమ్మ బిళ్ళ అంటుంది. పదకొండుకు త్రీఫేజు కరెంటు ఇస్తారని లైన్‌మన్ చెప్పాడట. ఇంకా గంట ఉంది. ఆ గంట గడిచాక బోరులోని మోటారు తిరుగుతుంది, నీళ్లు అడుగంటగానే దాన్ని ఈ బిళ్ళ ఆపాలి. ఆపితే మోటారు బతుకుతుంది. ఆపకపోతే నీళ్ల చలువ లేక కాలిపోతుంది, ఈ ఏడాదిలో మూడోసారి. అప్పుడు అరెకరం ఉల్లి ఎండుతుంది, హనుమంతమ్మ ఇంటికి తాళం వేస్తుంది, ఎనిమిదో తరగతి చదువుతున్న మనవరాలు శివలీలను బడి మాన్పించి శుక్రవారం బండిలో గుంటూరు మిరప కోతలకు పోతుంది. వచ్చేదీ రానిదీ కూలీలను తీసుకుపోయే మేస్త్రీకి ఈ సాయంత్రం చెప్పాలి. ఇవాళ మంగళవారం. ఉల్లికి ఇంకా నలభై రోజుల నీళ్లు కావాలి. వెలుగుతుంది, ఆరుతుంది. దీనికి మంగళవారమూ తెలియదు, ఉల్లీ తెలియదు. తెలియకపోవడమే దీనిలోని మంచి గుణమని నేను చాలామందితో అన్నాను, ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా అనాలనిపించడం లేదు.

ఈ దీపం మొదటిసారి వెలిగిన రోజున నాకు డెబ్బై నిండి నాలుగు నెలలు. ముప్పై నాలుగేళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, విద్యుత్తు పాఠాన్ని కళ్లు మూసుకుని చెప్పగలవాణ్ణి, ఒక దీపం వెలిగించడానికి మూడు రోజులు పట్టింది. బోర్డు పోస్టులో వచ్చింది. దానితో తీగ రాలేదు. ఫోను ఛార్జరు తీగ సరిపోతుందేమోనని చూస్తే మూతికి మూతి కుదిరింది, బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది, కంప్యూటరు మాత్రం అక్కడ ఏమీ లేదన్నది. మొదట బోర్డును అనుమానించాను, తర్వాత అమ్మినవాణ్ణి, తర్వాత కంప్యూటరును, రెండో రోజు సాయంత్రానికి నా వయసును. తీగను మాత్రం అనుమానించలేదు, ఎందుకంటే దీపం వెలుగుతున్నది కదా, దీపం వెలిగితే తీగ బాగున్నట్టే కదా. ఆదోనిలో సెల్‌ఫోన్లు బాగుచేసే మహిమ, ఒకప్పుడు నా తరగతిలో రెండో బెంచీలో కూర్చున్న అమ్మాయి, తీగను వేళ్ల మధ్య ఇటూ అటూ తిప్పి చూసి నవ్వింది. "సార్, ఇది ఉత్త ఛార్జింగు వైరు. దీంట్లో కరెంటు పోతాది, మాట పోదు. మాటకు ఇంగో రెండు తీగలుండాల." బయటికి రెండు తీగలూ ఒకేలా ఉన్నాయి. ఒకటి శక్తిని మాత్రమే మోస్తుంది, ఇంకొకటి చెప్పిన మాటను తీసుకుపోయి తిరుగుమాటను కూడా తెస్తుంది. ఇంటికి వస్తూ బస్సులో ఆ సంగతే నెమరువేసుకున్నాను. నా ముప్పై నాలుగేళ్లలో, ఊళ్లలో మైకు పట్టుకుని మాట్లాడిన వందల గంటల్లో, నా చేతిలో ఉన్నది ఏ రకం తీగ అని నన్ను నేను అడగడానికి అది తగిన చోటు కాదు, బస్సులో జనం ఎక్కువగా ఉన్నారు, కాబట్టి అడగలేదు.

ప్రోగ్రాం రాసే పద్ధతి నాకు నచ్చింది. రెండే గదులు ఉంటాయి. పై గదిలో బోర్డు లేవగానే ఒక్కసారి చేయవలసినవి రాయాలి: ఈ పిన్ను దీపానికి, ఈ పిన్ను తీగకు, అని. కింది గదిలో రాసినవి అది చేస్తూనే ఉంటుంది, పైనుంచి కిందికి, మళ్లీ పైనుంచి, కరెంటు ఉన్నంతకాలం. దాన్ని లూప్ అంటారు. ఒక్కసారి చేసినవాటిని మళ్లీ చేయడానికి వీలులేదు. జీవితాన్ని ఇలా రెండు గదులుగా విడగొట్టి చూడటం ముసలితనపు వినోదం అనుకోండి, నేను చాలా మధ్యాహ్నాలు అదే పనిలో ఉన్నాను. పళ్లు తోమడం, పత్రిక చదవడం, మందు మింగడం కింది గది. పుట్టడం, ఉద్యోగంలో చేరడం, నా భార్య పోవడం పై గది. కొన్ని ఎక్కడ పెట్టాలో తేలవు. పంతొమ్మిదేళ్ల కిందట ఒక ఫిబ్రవరి ఉదయం, విజ్ఞాన దినోత్సవం నాడు, బడి మైదానంలో ఒక మనిషి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచాడు. అది ఒక్కసారే జరిగింది, పైగదిలోనే ఉండాలి, కానీ నా తలలో అది కింది గదిలో చేరి తిరుగుతూనే ఉంది.

ఆ మనిషి శేషన్న, హనుమంతమ్మ భర్త. చుట్టుపక్కల ఇరవై ఊళ్లలో బోరు వేయాలంటే ముందు శేషన్నను పిలిచేవారు. తలస్నానం చేసి, తెల్ల పంచె కట్టి, పిలక ఉన్న కొబ్బరికాయను అరచేతిలో పడుకోబెట్టుకుని పొలంలో నడిచేవాడు; నీటి దారి మీదికి వచ్చినప్పుడు ఆ కాయ తనంతట తాను లేచి నిలబడేది. నేను చాలాసార్లు చూశాను. నిజంగానే లేచేది. అరచేతి కండరాలు మనిషికి తెలియకుండానే చేసే చిన్న కదలిక చాలు దానికి. మనసు ఇక్కడ నీళ్లు ఉన్నాయనుకుంటుంది, చెయ్యి వింటుంది, మనిషికి వార్త అందదు. అప్పటికి మా హేతువాద మిత్రులం నలుగురం ఊరూరా తిరిగి చేతిలోంచి విభూతి రాల్చి చూపి ఎలా రాలిందో చెప్పేవాళ్లం. శేషన్నను పరీక్షకు రమ్మన్నది నేనే. రాను అనలేదు, సంతోషంగా వచ్చాడు. మోకాలి లోతున పది కుండలు పాతించాను. ఐదింట్లో నీళ్లు, ఐదు ఖాళీ. ఏది ఏదో చీటీలు తీసి నిర్ణయించిన ఉపాధ్యాయుణ్ణి ఊరవతలికి పంపించేశాను, తెలిసినవాడి ముఖం చూసి కూడా జవాబు దొరుకుతుందని. నేల చదును చేయించాను. చాలా మంచి పరీక్ష అది. ఇప్పటికీ అందులో తప్పు పట్టలేను.

శేషన్న పది చోట్లా నిలబడ్డాడు. ఐదు సరిగ్గా చెప్పాడు, ఐదు తప్పు. నేను మైకు తీసుకుని, నాణెం ఎగరేసినా ఐదే వస్తాయి పిల్లలూ, అన్నాను. నాలుగు వందలమంది పిల్లలు నవ్వారు. అతడు మైకు లేకుండానే చెప్పాడు, అది పారే నీళ్లు గాదు సార్, కుండలో ఉండేది సచ్చిన నీళ్లు, అని. ఓడిన తర్వాత దొరికే కారణాన్ని శాస్త్రం లెక్కలోకి తీసుకోదు, అన్నాను నేను. మళ్లీ నవ్వారు. నేను చెప్పిన రెండు వాక్యాలూ సత్యమే. మూడో వాక్యం ఒకటి ఉంది, ఇతడు మోసగాడు కాదు, తన చెయ్యి చేసేది తనకే తెలియదు, అన్నది. అది కూడా సత్యమే, నా కాగితం మీద రాసుకుని కూడా ఉంది, నవ్వులు తగ్గేలోపు గంట కొట్టారు. ఆ తర్వాత శేషన్నను ఎవరూ పిలవలేదు. ఇస్కూల్లో ఓడిపోయినోడు అనేవారట. ప్రతి చలికాలమూ గుంటూరు పోయేవాడు, మిరప కల్లాల దుమ్ము పీల్చి పీల్చి దగ్గు పట్టింది, నాలుగేళ్ల కిందట పోయాడు. ఒక్క ఉదాహరణతో కారణం తేలదని నాకు తెలుసు. యంత్రాలతో భూమి లోపలికి చూసేవాళ్లు వచ్చాక కొబ్బరికాయలకు ఎలాగూ గిరాకీ తగ్గిందనీ తెలుసు. వానలు లేక ఈ పడమటి ఊళ్లన్నీ వలసపోతూనే ఉన్నాయనీ తెలుసు. ఇన్ని తెలిసినవాడు ఈ రేకుల కింద బకెట్టు మీద ఎందుకు కూర్చున్నాడు అని అడిగితే, మోటారు కాలకుండా ఆపడం ఆసక్తికరమైన సమస్య అని చెబుతాను. చెప్పాను కూడా, మోటారుకు తీగ చుట్టే పరమేష్‌తో.

దసరా అయిన వారానికి ఈ దారిన పోతుంటే మూడుకాళ్ల కర్రలకు గొలుసు కట్టి మోటారును పైకి లాగుతున్నారు. పరమేష్ దాని మూత విప్పి వాసన చూశాడు. "మాడిపాయ సార్. నీళ్లు లేకుండా తిరిగిండాది. కరెంటు యెప్పుడొస్తాదో తెల్దని అందరూ స్టార్టరును ఆటోలో పెట్టి ఇంటికాడుంటారు. కరెంటొస్తే అది తిరుగుతాది, నీళ్లుండాయా లేదా అని దానికేం తెలుసు?" దానికి తెలిసేలా చేయవచ్చు అన్నాను. అన్నాక చేయవలసి వచ్చింది. మోటారు మళ్లీ దించే రోజున పైపు వెంట రెండు సన్నని తీగలు కట్టి దించాము, మోటారుకు కొంచెం పైన వాటి కొసలు ఆగేలా. కొసలు నీళ్లలో ఉన్నంతసేపు ఒక తీగనుంచి ఇంకో తీగకు కొంచెం కరెంటు దాటుతుంది, మా నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి బాగానే దాటుతుంది. బోర్డు ఆ దాటేదాన్ని ఒక అంకెగా చదువుతుంది. నీళ్లు దిగిపోతే అంకె సున్నాకు పడుతుంది, బోర్డు స్టార్టరును విడిపిస్తుంది, మోటారు ఆగుతుంది. స్టార్టరు లోపలి పని పరమేష్ చేశాడు, అది ప్రాణం తీసే కరెంటు. ఇప్పుడు తెర మీద అంకె ఏడువందల పన్నెండు. లోపల, చీకట్లో, నీళ్లు ఉన్నాయి. గుర్తుగా నేను పక్కన అతికించిన పచ్చదీపం కూడా వెలుగుతున్నది. ఈ బోరుకు చోటు చూపించింది శేషన్నే, కొబ్బరికాయతోనే. ఈ రాతినేలలో ఎక్కడ వేసినా ఎంతో కొంత పగులు తగులుతుంది, తగలని బోర్ల కథ ఎవరూ చెప్పుకోరు, అందుకే లెక్క తప్పుతుంది. అది నాకు తెలుసు. నీళ్లు మాత్రం ఉన్నాయి.

"ఏమి సార్, నీ బిళ్ళ కండ్లు ఆర్పుతానే ఉండాదే. నిద్రొస్తాండాదా దానికి?"

హనుమంతమ్మ గడప దగ్గర నిలబడింది. కాళ్లకు ఉల్లిమడి బురద, చేతిలో చిన్న పళ్లెం, పళ్లెంలో తడిపిన పసుపు, కుంకుమ. ఆమెకు అరవై దాటి ఉంటాయి, నడుము మాత్రం పిల్లలకు డ్రిల్లు నేర్పేవాడిలా నిటారుగా ఉంటుంది.

"ఆర్పుతున్నంతసేపు బతికున్నట్టు," అన్నాను.

"అయితే బొట్టు పెడతా. కొత్తది గదా."

"దాని మీద వద్దమ్మా. తడి తగిలితే పక్కపక్క పిన్నులు కలిసిపోతాయి."

"బొట్టంటే నీకు ముందునుంచీ పడదులే."

"బొట్టని కాదు. పులుసు పడినా అంతే."

ఆమె కాసేపు నన్ను తూకం వేసినట్టు చూసింది. "గోడకు తడి తగిలితే ఏమన్నా అవుతాదా?" గోడకేమీ కాదన్నాను. స్టార్టరు పైన సున్నం గోడకు అరచెయ్యంత పసుపు పూసి, నడుమ కుంకుమ పెట్టింది. తర్వాత బయటికి పోయి బోరు మూత పక్కకు జరిపి, గట్టు మీంచి ఒక మట్టిపెల్ల తీసి సందులోంచి జారవిడిచింది. తల వంచి, పెదవులు కదుపుతూ, ఏదో జపంలాగా. జపం అనే అనుకున్నాను, యాభై ఏళ్ల అలవాటు. "ఆరు," అని లేచింది.

"ఏమిటది?"

"నీళ్లు యాడుండాయో సూస్తి. ఆరు లెక్కకు పడె. బాగ ఊరిండాది." రాయి వేయరా అని అడిగాను. "రాయైతే మోటరు పక్కన ఇరుక్కుంటాది సార్, మళ్లీ పైకి రాదు. పెల్లైతే కరిగిపోతాది. మా ఆయప్ప నేర్పిచ్చిండె."

ఆరు లెక్కలు. ఆమె లెక్కకు అర సెకను కంటే కొంచెం తక్కువ. మూడు సెకన్లు కాదు, రెండున్నర పైమాట. కాలాన్ని కాలంతో గుణించి, దానిని ఐదుతో గుణిస్తే ముప్పై ఆరు మీటర్లు, నూట ఇరవై అడుగులు. ఈ సూత్రాన్ని నేను వెయ్యిమంది పిల్లలకు చెప్పాను, పరీక్షలో గోపురం మీంచి బంతి వేయించాను, బావిలోకి రాయి వేయించాను, ఎవరి బావిలోకీ నిజంగా వేయించలేదు. శేషన్నకు కొబ్బరికాయ ఒక్కటే కాదు, ఇది కూడా ఉండేది. ఆ ఉదయం మైదానంలో అతడితో ఒక్క పావుగంట కూర్చుని మాట్లాడి ఉంటే చెప్పేవాడేమో. నేను అతణ్ణి పరీక్షకు పిలిచాను, మాటకు పిలవలేదు.

"సార్, ఒగ మాటడుగుతా. కోపం జేసుకోగాకు."

"అడుగు."

"ఆ పొద్దు ఇస్కూల్లో మా ఆయప్పకు పది కుండలు పెట్టితివి గదా. దీనికి ఎన్ని పెడితివి?"

బయట ఏదో పిట్ట తీగ మీద కూర్చుని అరుస్తున్నది. ఎన్ని. ఇంట్లో గ్లాసులో తీగలు ముంచి చూశాను, పచ్చదీపం వెలిగింది, తీశాను, ఆరింది, మళ్లీ ముంచాను. మూడుసార్లు, నాలుగోసారి కాఫీ తాగుతూ. అదే చెప్పాను.

"నువ్వే ముంచి, నువ్వే సూస్తివా?" అన్నది హనుమంతమ్మ. "తెలిసినోళ్లు ఆడ ఉండగూడదని ఆ సిన్నసార్‌ను ఊరు దాటిస్తివే. పాపం, ఆ సార్ ఎండన పోయె."

నాకు నవ్వు వచ్చింది, నవ్వుతోపాటు చెవులు వేడెక్కాయి. సంచిలో మిగిలిన తీగల జత తీశాను, కొసలు బోరులోవాటిలాగే చేశాను, బోర్డుకు కలిపాను. ఆమె బకెట్టు నిండా తొట్టిలోని బోరునీళ్లు తెచ్చుకుని నా వెనుక కూర్చుంది. నా ముఖం బోర్డు వైపు. ముంచుతుందో ముంచదో ఆమె ఇష్టం. దీపం చూసి నేను చెప్పాలి. పంతొమ్మిదేళ్ల తర్వాత పరీక్ష రాస్తున్నవాడు పరీక్ష పెట్టినవాడే. నీళ్లు, అన్నాను. ఊఁ, అన్నది. లేవు. ఊఁ. లేవు. ఊఁ. ఇలాంటి ఊఁ కోసం శేషన్న ఆ రోజు పదిసార్లు నా ముఖం వైపు చూసి ఉంటాడు, నా ముఖంలో ఏమీ కనిపించకూడదని నేను అద్దంలో సాధన చేసి వచ్చాను. నీళ్లు. నీళ్లు. లేవు. ఆరు సరిపోయాయి. ఏడోసారి పచ్చదీపం నిండుగా వెలుగుతున్నది. నీళ్లు, అన్నాను.

ఊఁ రాలేదు.

"లేవు సార్. తీగలు నా సేతిలో ఉండాయి."

తిరిగి చూశాను. రెండు కొసలూ గాలిలో ఉన్నాయి, వాటి నడుమ ఒక నీటిబొట్టు రాలకుండా వేలాడుతూ ఉంది. ఉప్పునీటి బొట్టు, ఒక కొసనుంచి ఇంకో కొసకు వంతెన కట్టింది. "అది బొట్టు నిలిచిపోవడం వల్ల, నిజానికి ఇది..." అని నోరు తెరిచి, ఆ గొంతు ఎక్కడో విన్నట్టనిపించి ఆగాను. సచ్చిన నీళ్లు సార్, కుండలో ఉండేది. ఓడిన తర్వాత దొరికే కారణం. నోటు పుస్తకం తీసి ఏడో వరుసలో 'తప్పు' అని రాశాను. మిగిలిన మూడూ సరిపోయాయి.

"తొమ్మిది," అన్నది హనుమంతమ్మ, బకెట్టు పక్కకు నెట్టి. "మా ఆయప్ప కంటే నాలుగు ఎక్కువే. మరి ఆ ఒగటి బోర్లో వస్తే?"

బోరులో పైనుంచి పైపు వెంట నీళ్లు కారుతూనే ఉంటాయి. కొసల మధ్య బొట్లు నిలవడానికి ఇక్కడికంటే అక్కడే అవకాశం ఎక్కువ. "మోటారు కాలిపోతుంది," అన్నాను.

"అట్ల జెప్పు," అన్నది, కోపం లేకుండా, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు.

అప్పుడు అన్నాను, ఎందుకు అప్పుడే అన్నానో తెలియదు: "హనుమంతమ్మా, ఆ రోజు నేను ఒక మాట చెప్పకుండా వదిలేశాను. శేషన్న మోసగాడు కాదు. ఎవరినీ మోసం చేయలేదు."

ఆమె చీర కుచ్చెళ్లకు అంటిన మట్టి దులుపుకుంటూ ఉంది. "అది నాకు తెల్దా సార్? నాకు సెప్పేదేంది. ఆ మైకులో సెప్పుంటే సరిపోతుండె." తర్వాత గడప దాటుతూ, "ఇంగ ముప్పావు గంటుండాది. ఏమి జేస్తావో జెయ్యి," అని మడికి నీళ్లు మళ్లించే మడవ సరిచేయడానికి పోయింది.

ముప్పావు గంట. లాప్‌టాప్ బ్యాటరీ అంతకు రెట్టింపు ఉంది, అది అయిపోతే బోర్డుకు ఫోను ఛార్జరు ఉంది. కింది గది తెరిచి నేను రాసిన వాక్యాలు చదివాను. నీళ్లు ఉన్నాయా అని అడుగు. అంకె మూడువందలు దాటితే ఉన్నట్టే. ఉంటే తిప్పు. ఒక్కసారి అడగడం, మొదటి జవాబునే నమ్మడం. జీవితమంతా మనుషులతో నమ్మే ముందు మళ్లీ అడగండి అని చెప్పినవాడు, తన చేత్తో రాసిన మొదటి యంత్రానికి నమ్మకం తప్ప ఏమీ నేర్పలేదు. బొట్టు ఉన్నప్పుడు అంకె ఎంతో చూద్దామని తీగలు తడిపి పట్టుకున్నాను: నాలుగువందల పది, మూడువందల తొంభై, నాలుగువందల ఇరవై. నిండా మునిగితే ఏడువందలు. నడుమ చోటు ఉంది. మూడువందలను కొట్టేసి ఆరువందలు రాశాను. సెకనుకొకసారి చొప్పున పదిసార్లు అడుగు అని రాశాను. పదింట్లో పదీ ఆరువందలు దాటితేనే తిరగనివ్వు, ఒక్కటి తగ్గినా ఆపు, ఆపాక గంటన్నర దాకా ఎవరు చెప్పినా వినకు. సందేహం వస్తే ఆగడం. ఎంత తేలికైన వాక్యం. బోర్డులోకి పంపితే ఎర్ర అక్షరాలతో తిరిగి వచ్చింది. పద్నాలుగో వరుస చివర ఒక గుర్తు పెట్టడం మరిచాను. పెట్టాను. పంపాను. జొన్నగింజ దీపం గబగబా రెప్పలార్చి, కొత్త మాట మింగి, మళ్లీ తన నడకలో పడింది. బొట్టుతో మూడుసార్లు పరీక్షించాను, మూడుసార్లూ లేవు అన్నది. మూడు అంటే మూడే. బోరులోని తీగలను వాటి చోట మళ్లీ బిగించాను. ఏడువందల పన్నెండు.

కరెంటు పదకొండుకు రాలేదు. పదకొండుంబావుకు స్టార్టరు పెట్టె మీద ఎరుపు, పసుపు, నీలం దీపాలు మూడూ ఒక్కసారి వెలిగాయి, లోపల ఏదో దబ్బున పడిన చప్పుడు, పెట్టె గుర్రుమన్నది. అంకె వణికింది, ఆరువందల అరవై, ఆరువందల నలభై, నా ఊపిరి దాని వెనుకే, మళ్లీ ఏడువందలు. బయట పైపు రెండుసార్లు దగ్గి, తెల్లటి నీళ్లు కక్కింది. హనుమంతమ్మ మడవ దగ్గర పారతో నిలబడి ఉంది, నీళ్లు కాలువ వెంట పోయి మొదటి మడిలో విప్పుకుంటున్నాయి, ఎండిన మట్టి వాటిని తాగే చప్పుడు ఇక్కడిదాకా వినబడుతుందనిపించింది, అంతదూరం వినబడదు, నాకు తెలుసు. నేను కొట్టంలోనే కూర్చున్నాను. చేయవలసింది ఏమీ లేదు. పది నిమిషాలు. పదిహేను. ఈ లోకంలో చేయవలసింది ఏమీ లేకుండా ఒక అంకెను చూస్తూ కూర్చోవడం చాలా పాత పని. నా తల్లి పొయ్యి మీద పాల గిన్నెను అలాగే చూసేది, చూపు తిప్పితే పొంగుతుందని. అది నిజం కాదు. అయినా నేను చూపు తిప్పలేదు. ఇరవై. శివలీలకు ఈ గంటలో లెక్కల తరగతి ఉంటుంది. ఇరవై నాలుగు. ఏడువందల పది. ఇరవై ఆరు. ఏడువందల ఎనిమిది, నాలుగువందల ముప్పై, టక్.

ఆ టక్ అన్నది ఎంత చిన్న చప్పుడంటే, పెట్టె గుర్రుమనడం ఆగిన తర్వాతే అది వినబడిందని తెలిసింది. పైపు సన్నబడి, చుక్కలైంది.

"కరెంటు పాయ!" అని మడవ దగ్గర్నుంచి హనుమంతమ్మ అరిచింది. "ఇట్లనే సార్ వీళ్లు, సగం మడి గూడ పారనీరు."

ఆమె పార భుజాన వేసుకుని వచ్చి గడపలో నిలబడేదాకా కదలకుండా కూర్చుని, స్టార్టరు పెట్టె వైపు చూపించాను. ఎరుపు, పసుపు, నీలం. మూడూ వెలుగుతున్నాయి.

ఆమె వాటిని ఒక్కొక్కటే చూసింది. నా వైపు చూడలేదు. పార గోడకు ఆనించి, బయటికి పోయి, బోరు మూత జరిపి, మట్టిపెల్ల తీసింది. ఈసారి నేను కూడా వెనుకే పోయి తల వంచాను. ఒకటి, రెండు, ఆమె పెదవులతోపాటు నా పెదవులూ కదిలాయి, ఐదు, ఆరు, ఆరు దాటింది, ఏడు, ఎనిమిది, తొమ్మిది. చాలా లోతున, ఒక గుటక వేసినట్టు చప్పుడు.

"తొమ్మిది," అన్నది. "నిజంగానే అడుక్కు పోయిండాయి నీళ్లు."

కొట్టంలోకి వచ్చి గోడ మీద ఇంకా ఆరని పసుపులో వేలు అద్దింది. స్టార్టరు పక్కన, తెల్లటి సున్నం మీద, వేలెడు పొడవున ఒక నిలువుగీత గీసింది.

"ఒగటి. దినానికి ఒగటే లెక్క పెడతా సార్. ఒగే పొద్దు పదీ సూపిచ్చి నెగ్గితినంటే ఒప్పుకోను. పది కావాల."

"మరి శుక్రవారం బండి?"

"శుక్రారానికి పది గీతలు యాడ అవుతాయి?" పార అందుకుంది. "పోనీ బండి. దాని దావన అది పోతాది. మేము రామని మేస్త్రీకి సెప్పొస్తా."

ఆమె మడవ వైపు నడిచిపోయింది. గంటన్నర తర్వాత నీళ్లు ఊరితే బోర్డు మళ్లీ అడుగుతుంది, పదిసార్లు. నేను నోటు పుస్తకం తెరిచి తేదీ వేశాను. ఏడో వరుసలోని తప్పు పై పేజీలో అలాగే ఉంది, కొట్టేయలేదు. కింద రాశాను: పదికి ఒకటి. తిరిగిన కాలం ఇరవై ఆరు నిమిషాలు. మట్టిపెల్ల లెక్క, ముందు ఆరు, తర్వాత తొమ్మిది. కొలిచినది హనుమంతమ్మ. పద్ధతి శేషన్నది.